మూసీ ఒడ్డుకు జనం రావాలంటే మొదట ఏ పని చేయాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. అత్తాపూర్‌లో మూసీకి నాలుగు వీధుల ఇవతల పదేళ్లుగా ఉంటున్నారు. మీ పిల్లలు దాన్ని నది అనరు, "నాలా" అంటారు. సియోల్‌లో, అహ్మదాబాద్‌లో చేసినట్టు ఇక్కడ కూడా రివర్‌ఫ్రంట్ కడితే జనం నిజంగా నది దగ్గరకు వస్తారా, వచ్చేటట్టయితే పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా అర్బన్ డిజైన్‌లో ఉన్నాను. అందులో సగానికి పైగా చెరువు కట్టల మీద, నాలాల వెంట, నది ఒడ్డున గడిచింది. మూసీ మీద మమకారం ఉంది. అందుకే పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టి చదవండి.

జనం వస్తారు. అందులో నాకు అనుమానం లేదు. మన ఊళ్లలో నీళ్లు కనిపిస్తే చాలు, పొద్దు వాలేసరికి నలుగురు చేరతారు. రాజమండ్రిలో ఎండ తగ్గగానే గోదావరి గట్టున మెట్ల మీద చోటు దొరకదు. హైదరాబాద్‌లోనే 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి చూశారు. కట్ట పాతదే, చెరువు పాతదే. బండ్లు ఆగగానే కుటుంబాలకు కుటుంబాలు పిల్లలతో దిగిపోయాయి. అందుకే ఏ ఊళ్లో పని చేసినా నా మొదటి ప్రశ్న ఒకటే: వచ్చేవాళ్లను ఏది ఆపుతోంది? మూసీ దగ్గర ఆపేవి కంపు, రోడ్డు, గోడ, వరద భయం.

మా వృత్తిలో ప్లాన్ అంటే పైనుంచి చూసిన బొమ్మ. రివర్‌ఫ్రంట్ గురించి పేపర్లో వచ్చేవన్నీ ఆ బొమ్మలే. నీలం నది, పచ్చటి ఒడ్డు, తెల్లటి నడకదారి. మనిషి పైనుంచి దిగడు కదా, ఇంటి గుమ్మం దిగి నడిచి వస్తాడు. అందుకే సెక్షన్ గీయాలి. గుమ్మం నుంచి నీటి దాకా ఊరిని నిలువునా కోసి పక్కనుంచి చూస్తే కనపడేది సెక్షన్. మూసీ వెంట చాలాచోట్ల దాన్ని గీస్తే ఇలా ఉంటుంది: గుమ్మం, సందు, ఫుట్‌పాత్ లేని రోడ్డు, దాని మీద ఆగకుండా పోయే బండ్లు, రోడ్డు దాటితే నడుము ఎత్తు గోడ, గోడ అవతల ఎవరో రాత్రిపూట దింపిపోయిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, వాటి కింద తుమ్మచెట్ల వాలు, వాలు చివర గుర్రపుడెక్క, ఆ తర్వాత నీళ్లు. పది కోట్ల బొమ్మ వేయించినా ఈ సెక్షన్ మారకపోతే మీ పిల్లలు నది దగ్గరకు చేరలేరు.

ఈ నగరం నదికి ఎప్పుడూ వీపు పెట్టే ఉందనుకోకండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చిపెట్టింది. అఫ్జల్‌గంజ్‌లో ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మీ పిల్లలను తీసుకెళ్లి తప్పకుండా చూపించండి. ఎగువన గొలుసుకట్టు చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం ఆ విధ్వంసానికి పెద్ద కారణం. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సూచన మీదే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఒడ్డు వెంట గోడలు కట్టి తోటలు వేయించింది. అటు హైకోర్టు, సిటీ కాలేజీ, ఇటు ఉస్మానియా ఆసుపత్రి, ఆ తర్వాత స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ఊరికి గర్వకారణమైన భవనాలన్నీ తెచ్చి నది ఒడ్డునే నిలబెట్టారు. వరద వేలమందిని మింగి పాతికేళ్లు కూడా కాకముందే ఒక నగరం తన న్యాయస్థానాన్ని, ఆసుపత్రిని, బడిని నదికి ఎదురుగా పెట్టుకుంది. మన దగ్గర జరిగిన అర్బన్ డిజైన్‌లో అంతకన్నా ధైర్యమైన పని నాకు కనపడలేదు.

ఇక కంపు సంగతి. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక పట్టేది ఇదే, రిబ్బన్ కత్తిరించడానికి పనికిరానిదీ ఇదే. 2021 నాటి లెక్క ప్రకారం జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజుకు పుట్టే మురుగు సుమారు 1,650 ఎంఎల్‌డీ, అంటే 165 కోట్ల లీటర్లు. అప్పటికి శుద్ధి చేయగలిగింది 772 ఎంఎల్‌డీ. మిగతా సగానికి పైగా నాలాల గుండా నేరుగా చెరువుల్లోకి, మూసీలోకి పోయింది. అందుకే అదే ఏడాది 31 కొత్త ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి కేంద్రాలు, మంజూరు చేశారు. వాటి మొత్తం సామర్థ్యం 1,259.5 ఎంఎల్‌డీ. వాటిలో చాలావి ఇప్పుడు నడుస్తున్నాయి.

మీరు సియోల్ పేరెత్తారు కాబట్టి ఇంకో అంకె ఈ అంకె పక్కన పెట్టి చూడండి. అందరూ ఫొటోలు చూసి మురిసిపోయే ఛంగ్యేఛన్ వాగులో సహజంగా పారే నీళ్లు బహు తక్కువ. హాన్ నది నుంచి, మెట్రో సొరంగాల్లో ఊరే ఊట నుంచి రోజుకు సుమారు 1,20,000 టన్నులు తోడి పోస్తారు. అది 12 కోట్ల లీటర్లు. హైదరాబాద్ మురుగు దానికి 13 రెట్లకు పైమాటే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలు కట్టాక ఎండాకాలం మూసీలో పారేది ఎలాగూ నగరం వాడి వదిలిన నీళ్లే. ఆ నీళ్లను నిజంగా శుద్ధి చేసి వదిలితే ఏడాది పొడవునా పారే నది మన చేతిలో ఉన్నట్టే. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు జంట జలాశయాలకు తెచ్చే పథకం మీద ఇప్పుడు పెద్ద చర్చ నడుస్తోంది. తాగునీటికి తెస్తే సంతోషం. మురుగును పలచన చేయడానికి తెస్తే మాత్రం నేను ఒప్పుకోను. 

ఎస్టీపీ కట్టగానే పని అయిపోదు. మురుగు ఎస్టీపీ దాకా చేరాలి కదా. నదిలో కలిసే ప్రతి నాలా దగ్గర వాన లేనప్పుడు పారే మురుగును పట్టి పైపులోకి మళ్లించాలి. మా భాషలో ఇంటర్‌సెప్షన్, డైవర్షన్ అంటాం. వాన పడితే ఆ నాలాలోకి వాన నీళ్లు కూడా వచ్చి పైపు పట్టక అంతా కలిసి నదిలోకి దూకుతుంది. ఈ బాధ సియోల్‌కీ తప్పలేదు. గట్టి వాన వస్తే అక్కడ గోడల్లోని తూములు తెరుచుకుంటాయి, వాగులో నడిచేవాళ్లను సైరన్ మోగించి పైకి పంపించేస్తారు. మీ ఇంటి దగ్గర ఏ నాలా మూసీలో కలుస్తుందో చూసి రండి. వాన లేని రోజున కూడా అక్కడ నల్లగా పారుతుంటే మీ ఒడ్డున ఎంత గ్రానైట్ పరిచినా ఎవరూ కూర్చోరు.

రెండోది రోడ్డు. ఛంగ్యేఛన్ కథలో మనం నేర్చుకోవాల్సిన అసలు పాఠం నాకు ఇక్కడే కనిపిస్తుంది. 1958 నుంచి ఆ వాగును కాంక్రీటుతో కప్పుకుంటూ పోయారు. దాని మీద రోడ్డు వేశారు, రోడ్డు మీద 5 కిలోమీటర్లకు పైగా ఫ్లైఓవర్ లేపారు. రోడ్డు, ఫ్లైఓవర్ కలిపి రోజుకు లక్షన్నర పైచిలుకు బండ్లు పోయేవి. 2003 జులైలో కూల్చడం మొదలుపెట్టి 2005 అక్టోబరు 1కల్లా 5.8 కిలోమీటర్ల వాగును తెరిచారు. అంటే వాళ్లు ముందు రోడ్డు తీసేశారు. బస్సులు, మెట్రో పెంచి ఆ బండ్ల భారం మోశారు. మన దగ్గర రివర్‌ఫ్రంట్ మాట రాగానే దాని వెంటే ఒడ్డు పొడవునా వేగంగా పోయే రోడ్డు ప్రతిపాదన కూడా వచ్చేస్తుంది. నది ఒడ్డు ఖాళీగా, వరసగా దొరుకుతుంది, భూసేకరణ గొడవ తక్కువ, రోడ్డు ఇంజనీరుకు అంతకన్నా ఏం కావాలి? కానీ నాలుగు లేన్ల రోడ్డు పక్కన ఎంత అందమైన ఘాట్ కట్టినా ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా ఏ తల్లీ పంపదు. సిగ్నల్ దాటి, డివైడర్ ఎక్కి దిగి వెళ్లాలంటే ముసలివాళ్లు మానుకుంటారు. రోడ్డు తప్పదంటే నదికి ఒక వీధి వెనక్కి జరపండి, ఒడ్డున నడక, సైకిలు, అంబులెన్సు మాత్రమే పోనివ్వండి.

గోడ గురించి చెప్పేటప్పుడు అహ్మదాబాద్ తప్పకుండా వస్తుంది. అక్కడ సబర్మతికి రెండు వైపులా 11 కిలోమీటర్లకు పైగా ఒడ్డు కట్టారు, 2012లో నడకదారి తెరిచారు. నేను రెండుసార్లు పొద్దున్నే వెళ్లి నడిచాను. రెండు అంతస్తులుగా దారి, కింది దారి నీటికి దగ్గరగా ఉంటుంది. వేలమంది వాడుతున్నారు. ఒడ్డు వెంట మురుగును పట్టే పైపులు వేసింది కూడా ఆ పనిలోనే. అవి మెచ్చుకోవాల్సినవే. కానీ ఎక్కడికక్కడ వెడల్పు మారే నదిని దాదాపు 263 మీటర్ల ఒకే వెడల్పుకు పట్టేసి, అలా తేలిన 200 హెక్టార్ల పైచిలుకు భూమిని ఒడ్డున కలుపుకున్నారు. నదిలో నిలిచేది నర్మదా కాలువ నీళ్లు. వాస్నా బ్యారేజీ దాటి కిందికి పోతే నది ఇంకోలా ఉంటుంది, ఆ ముక్క ఎవరూ ఫొటో తీయరు. మూసీని అలా పట్టేయవద్దని నా గట్టి అభిప్రాయం. 1908 సంగతి అలా ఉంచండి, 2020 అక్టోబరులో చూశాం, 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లు వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోవడం చూశాం. నది తన చోటు అడుగుతుంది. ఆ చోటులో గోడ కట్టి భూమి అమ్ముకుంటే ఆ నీళ్లు కింది బస్తీల మీద పడతాయి.

సింగపూర్ కల్లాంగ్ నది మీద చేసిన పని మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. బిషాన్ దగ్గర 2.7 కిలోమీటర్ల తిన్నని కాంక్రీటు కాలువను పగలగొట్టి, వంపులు తిరిగే 3.2 కిలోమీటర్ల వాగుగా మార్చి, పక్కనున్న పార్కులో కలిపేశారు. 2012లో పూర్తయింది. మామూలు రోజుల్లో పిల్లలు మోకాలి లోతు నీళ్లలో చేపపిల్లల కోసం దిగుతారు. వాన వస్తే నీళ్లు పార్కులోకి ఎక్కుతాయి, ఎక్కడానికే ఆ పచ్చిక ఉంది. నీటిమట్టం పెరగగానే సైరన్, దీపాలు హెచ్చరిస్తాయి. నాలుగో అడ్డంకి వరద భయం అన్నాను కదా, దానికి మందు ఇదే. కింది మెట్టు, కింది దారి మునిగేవే అని ముందే ఒప్పుకుని కట్టాలి. మునిగినా చెడనివి వాడాలి. రాతి కట్టడం, గడ్డి, గట్టి వేళ్ల చెట్లు సరిపోతాయి. కరెంటు స్తంభాలు, టైల్స్, దుకాణాలు పైగట్టు మీదే ఉండాలి. వరద పోయాక రెండు రోజుల్లో బురద కడిగి మళ్లీ తెరవగలగాలి.

ఇప్పుడు మెట్ల గురించి. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఓడిపోతాయి, నాకు కూడా ఒకసారి ఆ అనుభవమైంది.

చాలా ఏళ్ల కిందట తెలంగాణలో ఒక పట్టణంలో చెరువు కట్ట పని చేశాం. నీటి దాకా మెట్లు గీశాం. నునుపైన నల్ల గ్రానైట్, ఒక్కో మెట్టు 18 సెంటీమీటర్ల ఎత్తు, అంచు పదునుగా. కాగితం మీద చూడముచ్చటగా ఉంది. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ నాడు నేనూ వెళ్లాను. ఆడవాళ్లు పాట పాడుకుంటూ కట్ట దాకా వచ్చారు. పై మెట్టు దగ్గర అందరూ ఆగిపోయారు. రెండు చేతులతో తాంబాళం, తాంబాళం మీద గడ్డం దాకా పేర్చిన పూలు. అలా ఎత్తుకున్న మనిషికి కాళ్ల కింద మెట్టు కనపడదు. ముందు దిగినవాళ్ల పాదాల తడితో గ్రానైట్ అద్దంలా జారుతోంది. పట్టుకోవడానికి కడ్డీ లేదు. చివరికి కుర్రాళ్లు వచ్చి ఆ తాంబాళాలు అందుకుని కిందికి తీసుకెళ్లారు. ఏడాదికోసారి తన చేత్తో నీళ్లలో వదలాల్సిన బతుకమ్మను ఆ తల్లులు పైనుంచి చూస్తూ నిలబడ్డారు. వాళ్లు ఎవరినీ ఒక మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి ఏడాది ఆ మెట్లు మార్చాం. ఎత్తు 12 సెంటీమీటర్లకు తగ్గించాం, మెట్టు వెడల్పు మూర పైన పెంచాం, రాయిని గరుకు చేయించాం, ఏడెనిమిది మెట్లకు ఒక విశాలమైన తిన్నె పెట్టాం, మధ్యలో కడ్డీ వేశాం, చివరి మూడు మెట్లు నీళ్లలోనే దించాం. అప్పటినుంచి ఏ ఘాట్ డిజైన్ వచ్చినా ముందు తాంబాళం ఎత్తుకున్న మనిషిని సెక్షన్‌లో గీయమంటాను. ఆమె దిగగలిగితే కర్రతో వచ్చే ముసలాయన దిగగలడు, చంటిబిడ్డను ఎత్తుకున్న తండ్రి దిగగలడు.

ఇంకో ముఖ్యమైన మాట. జనాన్ని నది దగ్గరకు తెస్తాం అంటున్నప్పుడు, ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లు జనం కాదా? 1578 నాటి పురానాపూల్ మీద కూరగాయలు అమ్మేవాళ్లు తరాల తరబడి ఆ వంతెనను బతికించారు. అంబర్‌పేట దాటి కిందికి పోతే ఒడ్డున పారాగడ్డి కోసి మోపులు కట్టి పాడి పశువులకు అమ్మేవాళ్లు ఉన్నారు. చాకిరేవులున్నాయి, గుళ్లు, దర్గాలు, శ్మశానాలు ఉన్నాయి. ఈ నగరంలో నదితో తెగని బంధం మిగిలింది వాళ్లకే. అహ్మదాబాద్‌లో పదివేలకు పైగా కుటుంబాలను ఒడ్డు నుంచి ఖాళీ చేయించారు, చాలామందిని పనికి, బడికి అందనంత దూరం పంపించారు. సియోల్‌లో కూడా తరలించిన వ్యాపారుల్లో చాలామంది కొత్త చోట నిలదొక్కుకోలేకపోయారు. 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు పడ్డప్పుడు ఆ ఇళ్లలో ఏడుపులు మీరూ టీవీలో చూసి ఉంటారు. నదీగర్భంలో, మొదటి వరదకే మునిగే చోట ఎవరూ ఉండకూడదు, అది నేనూ అంటాను. కానీ కదిలించేటప్పుడు అదే ఒడ్డున, అదే బడికి పిల్ల నడిచి పోయే దూరంలో ఇల్లు చూపించాకే కదిలించాలి. అక్కడి పనుల్లో, అంగళ్లలో మొదటి హక్కు వాళ్లకే రాసివ్వాలి. వాళ్లను పంపేసి కాఫీ షాపులు పెడితే ఆ ఒడ్డుకు వచ్చేది పార్కింగు టికెట్టు కొనగలిగినవాళ్లే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మూసీ రివర్‌ఫ్రంట్ ప్రాజెక్టులో చెప్పే 55 కిలోమీటర్లు ఒకేసారి అనే మాట వింటే నాకు భయం వేస్తుంది. అంత పొడవున ఒకే బొమ్మ గీస్తే అది ఎక్కడా అతకదు. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ, మూసీ కలిసే బాపూఘాట్ ఒక రకం, అత్తాపూర్ ఒక రకం, అఫ్జల్‌గంజ్ ఒక రకం, నాగోలు ఇంకో రకం. నన్నడిగితే ఒక్క కిలోమీటరు తీసుకుంటాను. ఆ కిలోమీటరులో కలిసే నాలాలన్నీ ముందు పట్టిస్తాను, దానికే రెండేళ్లు పట్టనీ. ఆ తర్వాత ఇప్పటికే జనం దిగే బస్టాపు నుంచి నీటి దాకా ఎండ తగలని దారి ఒకటి వేస్తాను, చివర ఒక రేవు. వేప, కానుగ, రావి నాటిస్తాను, నీడ లేకపోతే మన ఎండకు మార్చి నుంచే ఎవరూ రారు. లైట్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి. గేటు వద్దు. గేటు పెట్టి ఆరింటికి తాళం వేస్తే ఆ చోటు రాత్రిపూట తాగేవాళ్లకు మిగులుతుంది. నాకు తెలిసిన చాలా పార్కుల గతి అదే. నిర్వహణకు ఏటా ఎంత, ఎవరు ఇస్తారు అనేది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. ఆ కిలోమీటరు బాగుంటే పక్క కాలనీవాళ్లే వచ్చి మాకెప్పుడు అని అడుగుతారు.

మీరు ఈ లోపల చేయగలిగింది కూడా ఉంది. పొద్దున ఏడింటికి, ఎండ రాకముందే, ఇద్దరు పిల్లలను తీసుకుని ఇంటి గుమ్మం నుంచి మూసీ గోడ దాకా నడవండి. అడుగులు వాళ్లతోనే లెక్కపెట్టించండి. ఎన్నిచోట్ల రోడ్డు దాటాల్సి వచ్చింది, ఎక్కడ వాసన మొదలైంది, గోడ పిల్లల భుజానికి ఉందా తలకు ఉందా, గోడలో ఎక్కడైనా పాత మెట్ల ఆనవాలు మిగిలిందా, నాలా ఎక్కడ కలుస్తోంది, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాయించండి. వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లి నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో గోడ మీద మరక చూసి గుర్తు పెట్టండి. ఆ కొలతలు ఇక్కడ పెడితే మీ వీధి సెక్షన్ నేను గీసి పంపిస్తాను. కాలనీ సంఘం సమావేశంలో అది గోడకు అంటించి మాట్లాడండి, వార్డు ఆఫీసుకు రాసే అర్జీకి కూడా అదే జతచేయండి.